లోలా పెట్టిన షరతు

1984లో శశికళ హొనలూలూ నుంచి చిన్న విమానమెక్కి కవాయి ద్వీపానికి వెళ్లింది. అక్కడి చెరకు తోటల్లో పనిచేసే ఫిలిపినో కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే రక్తహీనత మీద ఆమె పరిశోధన. తీరా హాల్లో సూదులన్నీ సర్ది కూర్చుంటే ఒక్కరూ చెయ్యి చాపలేదు. అందరి చూపూ లోలా మీదే. లోలా అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. ఆవిడ ఊ అంటేనే ఆ పేటలో ఏదైనా జరిగేది.

"ముందు నీ రక్తం తీయించుకో. తర్వాత నాది," అంది లోలా.

శశికళ నవ్వి చెయ్యి చాపింది. నర్సు రక్తం తీయగానే హాలంతా చప్పట్లు. ఆ తర్వాత లోలా, ఆవిడ వెనకాల పేట పేటంతా!

తిరిగొచ్చి ల్యాబ్‌లో చూస్తే, లోలా రక్తంలో ఇనుము నిండుగా ఉంది. ఎర్రకణాలే మరీ చిన్నవి. పక్కనే తనవి. అవీ అంతే! నమ్మలేక మళ్లీ పరీక్ష చేసింది. తేడా లేదు. పిల్ల పాలిపోయిందంటూ అమ్మ ముక్కు మూసి మరీ పోసిన ఐరన్ టానిక్కులన్నీ గుర్తొచ్చి పకపకా నవ్వేసింది. వెంటనే భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, నాకు థలసీమియా ట్రెయిట్ ఉంది!"

"అయ్యో! మరి నవ్వుతావేంటి శశీ?" కంగారుపడ్డాడు దామోదర్.

"నాకేం డేంజర్ లేదండీ, ఆ జబ్బు జన్యువు ఒకటి మోస్తున్నానంతే. మీకు కూడా ఉంటేనే, పుట్టబోయే పిల్లలకి రిస్క్. టెస్ట్ చేయించుకోండి."

సూదంటే వణికిపోయే దామోదర్ ఆఫీస్ నుంచి సరాసరి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యిచ్చాడు. అతని రక్తంలో ఏ లోపమూ లేదు. "పాసయ్యాను!" అని అతను కారిడార్లో అరిచిన అరుపుకి పక్క గదుల్లోవాళ్లు తొంగిచూశారు.

ఫలితాలు చెప్పడానికి ఇద్దరూ కలిసే కవాయి వెళ్లారు.

"మీకు ఐరన్ మాత్రలు అక్కర్లేదు. మన రక్తకణాలే పుట్టుకతో చిన్నవి," అంది శశికళ లోలాతో.

"మనవా?"

"అవును, మీవీ నావీ."

లోలా ఆమెను అమాంతం కౌగిలించుకుంది. "విన్నారా? ఈ పిల్ల మన పిల్లే!" అని వీధంతా వినిపించేలా కేకేసింది. ఎవరో గిటారు తెచ్చారు, ఎవరో పొయ్యి రాజేశారు. దామోదర్ బూట్లు విప్పేసి, లోలా చెయ్యి పట్టుకుని తాళం తప్పుతూ గంతులేస్తుంటే శశికళకి నవ్వి నవ్వి కడుపు నొప్పెట్టింది. వాళ్లెక్కాల్సిన విమానం తలమీదుగా ఎగిరిపోతుంటే అందరితో పాటు వాళ్లూ దానికి చేతులూపారు.