మిక్సీ ఆగాక చెప్పిన మాట

"సెలవు" అని పెద్దకోడలు అంది. "సేవ" అని అత్తగారు విన్నారు. మధ్యలో మిక్సీ గుర్రుమంది.

పాపం ఆమె అడిగిందల్లా ఒక్కటే. "అత్తయ్యా, ఈ పండక్కి నాకు సెలవు కావాలి. అందరితోపాటు కూర్చుని వేడివేడిగా తినాలనుంది." ఈ కోరికకి పదకొండేళ్ళ వయసు. గట్టిగా అడిగే ధైర్యం లేదు, అడక్కుండా ఉండే ఓపికా లేదు. అందుకే ముఖ్యమైన మాటలన్నీ మిక్సీ తిరుగుతుండగా చెప్పడం అలవాటు చేసుకుంది. చెప్పామన్న తృప్తి దక్కుతుంది, వినపడిందన్న భయం ఉండదు.

ఈసారి సగం వినపడింది. అదే కొంప ముంచింది.

అత్తగారు సంబరంగా హాల్లోకెళ్ళి ఫోనందుకున్నారు. "మా కోడలు ఈ పండక్కి అందరికీ సేవ చేస్తుందటే! తన నోటితో తనే అడిగింది. పిల్లాజెల్లాతో అందరూ వచ్చేయండి!"

"అది కాదత్తయ్యా" అనేలోపు కబురు ఆడపడుచుకి వెళ్ళింది, అక్కణ్ణుంచి పినమామగారికీ, ఆయన వియ్యాలవారికీ పాకింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈమె మాట మిక్సీనే దాటలేదు, ఆవిడ మాట ఊరే దాటేసింది. లెక్క ఇరవై రెండు దగ్గర ఆగింది. తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి. వీళ్ళు తిథీ, వారం, భోజనాల వేళా చెప్పి మరీ బయల్దేరారు, కాబట్టి ఆ పేరుకీ తగరు.

ఇక చేసేదేముంది? నడుం బిగించింది. ఇంటి విందుకి ఆమె పద్ధతి ఎప్పుడూ చివర్నించే మొదలవుతుంది. ఒంటిగంటకి భోజనాలంటే పన్నెండున్నరకి పొయ్యిలన్నీ ఆగాలి, అంటే పదకొండుకల్లా తరిగేదేమీ మిగలకూడదు. తీపి ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఒక రాత్రి నిద్రపోతేగానీ తీపికి రుచి రాదు, చేసిన మనిషికి నిద్ర లేకపోయినా సరే. బంగాళాదుంపలు ముందురోజే చెక్కు తీసి చన్నీళ్ళలో పడేస్తే నల్లబడవు. పచ్చికూరల ముక్కల్లో ఉప్పు వడ్డించబోయే ముందే కలపాలి. తొందరపడ్డామా, టీవీ సీరియల్ ముందు ఆడపడుచులాగా ఒకటే నీరు కారిపోతాయి. చల్లారినా బాగుండేవి ముందు, వేడిగా తినాల్సినవి చివర. ప్రతి గిన్నెలో దాని గరిటె, మూత మీద దాని పేరు రాసిన చీటీ.

పొయ్యిలు నాలుగు, గిన్నెలు తొమ్మిది, చేతులు రెండు. చెయ్యి తిరిగిన మనిషని అందరూ మెచ్చుకుంటారు. తల తిరుగుతోందేమోనని ఒక్కరూ అడగరు.

ఆమె భర్త వడ్రంగి. ఊరందరి గుమ్మాలూ తూచినట్టు కొలిచే మనిషి. పండగ పొద్దున్నే రెండు బల్లల్ని ఒకటిగా కలిపి మరలు బిగించాడు. మనుషుల్ని లెక్కపెట్టాడు, హాలు పొడవు కొలిచాడు, వంటింటి గుమ్మం సంగతి మాత్రం మరిచాడు. బల్ల కొస మూరెడు వంటింట్లోకి చొచ్చుకొచ్చింది. గుమ్మం నిండిపోయింది.

"ఏమండీ, నేను బయటికెలా రావాలి?"

"రావడం దేనికి? నీ పనంతా అక్కడే కదా! గిన్నెలు బల్ల మీద ఇటు తోసెయ్యి. ఎంత సుళువో చూడు!"

"కిందనుంచి దూరి వచ్చెయ్ వదినా," అంది ఆడపడుచు.

"కింద అడ్డపట్టీ కొట్టాను," అన్నాడతను గర్వంగా. "ఏనుగెక్కినా ఊగదు."

వంటింటికి ఇంకో తలుపు లేదు. కిటికీకి ఊచలున్నాయి. ఇన్నాళ్ళూ అది వంటిల్లే, ఇవాళ ఒంటిల్లయింది.

ఒంటిగంటకి ఇరవై రెండుమందీ కూర్చున్నారు. ఒక్కో గిన్నే బల్ల మీంచి జారుకుంటూ హాల్లోకి పోయింది. ఆవిరీ దాంతోపాటే పోయింది. నవ్వులు వినపడుతున్నాయి, మొహాలు సగమే కనపడుతున్నాయి. ప్రతి పండక్కీ ఇంతే. అందరి చేతులూ కడగడం అయ్యాక ఆమె పళ్ళెంలోకి చల్లటి అన్నం వస్తుంది.

తొమ్మిదో గిన్నెని తోయబోయి ఆగింది. బల్లకి అటు కొసన మామగారు దర్జాగా కూర్చున్నారు. బల్లన్నాక రెండు కొసలుంటాయి. ఆ రెండోది ఇక్కడ, ఆమె పొట్టకి తగులుతూ, ఖాళీగా ఉంది.

పైఅరలు అందుకోడానికి వాడే ఎత్తుపీట లాగింది. పళ్ళెం పెట్టుకుంది. పొగలు కక్కే అన్నం వడ్డించుకుని కూర్చుంది.

"అమ్మాయ్, ఇంకాస్త కూర!" అత్తగారి గొంతు.

"గిన్నె మీ ముందే ఉందత్తయ్యా. గరిటె అందులోనే ఉంది. పేరు మూత మీదుంది."

"ఏమంటోందీ?" అన్నారు అత్తగారు. ఇరవై రెండు తలలు గుమ్మంవైపు తిరిగాయి.

జవాబు చెప్పాలి. అలవాటు కొద్దీ చెయ్యి మిక్సీ మీదికెళ్ళింది. గుర్రుమంది. "నేనారోజు..." అని మొదలెట్టి, తన గొంతు తనకే వినపడక, మిక్సీని ఠక్కున ఆపేసింది. బల్లగుద్ది చెప్పడమంటే ఏమిటో ఆ ఇంట్లో అప్పుడే తెలిసింది. గ్లాసులు గలగలలాడాయి.

"నేనారోజు అడిగింది సేవ కాదత్తయ్యా. సెలవు! మీతోపాటు కూర్చుని వేడన్నం తినడానికి. మిక్సీ మోతలో మీకు సరిగ్గా వినపడలేదు. తప్పు మీ చెవిది కాదు. మోత పెట్టుకుని చెప్పింది నేనే."

"సెలవా!" అత్తగారు నోటి దగ్గరి ముద్ద దించేశారు. "అయ్యో, సెలవడిగిన దానిచేత ఇంతమందికి వండించానా!"

భర్త మరలు విప్పే పనిముట్టు పట్టుకుని బల్ల కిందికి దూరబోయాడు. "ఉండు, రెండు నిమిషాల్లో విప్పేస్తా."

"ముట్టుకోకండి. ఈ కొస నాది. నేను తిన్నాక విప్పండి."

అత్తగారు లేచి గరిటె చేతిలోకి తీసుకున్నారు. బల్ల పొడవునా వడ్డిస్తూ ఒక్కొక్కరికీ వంగి చెప్పుకుంటూ వెళ్ళారు: "సేవ కాదట, సెలవట. మిక్సీ వల్ల వచ్చిన తంటా." చెవులు బొత్తిగా వినపడని పినమామగారికి మూడుసార్లు అరిచి చెప్పాల్సొచ్చింది.

అడ్డంగా ఉన్న బల్లకి ఇవతల పెద్దకోడలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. చురుక్కుమని నాలుక కాలింది.

పదకొండేళ్ళలో మొదటిసారి.