కళ్ల కుళాయి

లోహాలకు పూత పూసే ఆ షెడ్డులో డ్రమ్ములు కడిగే పెద్దాయన్ని అందరూ మామ అనే పిలుస్తారు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, మొక్కలు. గుమ్మం పక్కన నాలుగు గులాబీ కుండీలు పెంచుతున్నాడు. వాటికి నీళ్లు తేవాలంటే క్యాంటీను దాకా నడవాలి, మోకాళ్లేమో ససేమిరా అంటాయి. గుమ్మం దగ్గరే కళ్ల కుళాయి ఉందాయె! యాసిడో కాస్టిక్కో కంట్లో పడితే మీట నొక్కి కడుక్కోవడానికి పెట్టినది. పొద్దున్నే దాని కింద బకెట్టు పెట్టి మీట నొక్కడం మామకు ఎన్నో ఏళ్ల అలవాటు. అందులో అంత ఘోరమేముందో నాకైతే ఇప్పటికీ తెలియదు.

కొత్తగా వచ్చిన సేఫ్టీ మేడం మాత్రం మూడో రోజే పట్టేసుకుంది. పట్టుమని పాతికేళ్లు లేవు, రూలంటే రూలే.

"మామగారూ, ఇది ప్రమాదం జరిగినప్పుడు వాడేది. మొక్కలకు కాదు."

"నిజమేనమ్మా. కానీ రోజూ పారకపోతే గొట్టంలో తుప్పు పేరుకుని..."

"అందుకేగా వారం వారం పరీక్ష చేస్తున్నారు! రిజిస్టర్లో సంతకాలు చూశాను."

మామ బకెట్టు తీసుకుని పక్కకు జరిగాడు. ఆ సంతకాలు పెట్టే సూపర్వైజరు సాక్షాత్తూ ఆయన వియ్యంకుడు. కుర్చీలోంచి లేవకుండా, మీట ముట్టకుండా, నెలకు సరిపడా సంతకాలు ఒక్క పూటలో గీకి పారేసే మహానుభావుడు. షెడ్డు లోపల ఇలాంటిదే ఇంకో కళ్ల కుళాయి ఉంది, దాన్ని ఎవరూ ముట్టరు. "బావగారూ, లోపలి కుళాయి ఒక్కసారి నొక్కి చూడండి" అని మామ ఎన్నిసార్లు బతిమాలినా, "చూద్దాం లెండి" అనేవాడు. ఈ సంగతి బయటపెడితే రేపు అత్తారింట్లో కూతురు ఏ మొహం పెట్టుకుని తిరగాలి? పిల్లనిచ్చుకున్నాక ఎన్నెన్ని మింగాలో ఆ తండ్రినే అడగాలి.

మేడం రెండు కుళాయిల మీటలకూ, అంటే గుమ్మం దగ్గరి దానికీ, లోపల డ్రమ్ముల పక్కనున్న దానికీ, తన సంతకంతో కాగితం సీళ్లు అంటించింది. మరికొన్ని సీళ్లు సూపర్వైజరు చేతికిచ్చింది, పరీక్ష అయ్యాక వేయమని. "అవసరం లేకుండా సీలు తీసినవాళ్లు ఆ రోజే ఇంటికి" అని అందరి ముందూ చెప్పింది. వియ్యంకుడు వారం వారం పాత సీలు మీదే కొత్తది అతికించి చేతులు దులుపుకున్నాడు.

మామ మాత్రం ఊరుకుంటేనా? తెల్లారగానే అందరికంటే ముందొచ్చి, వేడి టీ గ్లాసు ఆవిరి పట్టించి, గుమ్మం దగ్గరి సీలు చిరగకుండా ఊడదీసేవాడు. బకెట్టు నింపుకుని మళ్లీ జిగురు రాసి అంటించేవాడు. ఎనిమిది నెలలు ఆగలేవట్రా ముసలోడా అని తనను తానే తిట్టుకునేవాడు. లోపలి కుళాయి జోలికెళ్లే ధైర్యం మాత్రం లేకపోయింది. అది సూపర్వైజరు గదికి ఎదురుగా ఉంటుంది.

అలా ఆరు వారాలు గడిచాయి. ఒక పొద్దున మేడం లోపల కాస్టిక్ డ్రమ్ములు తనిఖీ చేస్తోంది. లేబుల్ మీది అక్షరాలు చీమల్లా ఉన్నాయి. చదవడానికని గాగుల్స్ నుదుటి మీదికి తోసింది, రెండో చేత్తో బిరడా వదులు చేస్తూ.

"అమ్మా, గాగుల్స్!" అని మామ అరిచేలోపే, ఎండలో కాగి వచ్చిన డ్రమ్ము బుస్సుమని చిమ్మింది.

మేడం కళ్లు మూసుకుని చేతులు చాపి లోపలి కుళాయి వైపు పరుగెత్తింది. ఆరడుగులు కూడా లేదది. మామ అడ్డం వచ్చి భుజం పట్టి లాగాడు.

"వదలండి! ఇక్కడే ఉంది!"

"అందులో తుప్పు బురదమ్మా! నాదాంట్లో మంచి నీళ్లున్నాయి, రా!"

నాది అనేశాడు. ఆ మాటతో ఉద్యోగం పోయినట్టేనని ఆయనకు తెలుసు. అయినా క్యాంటీను దాకా నడవలేని ఆ మోకాళ్లు గుమ్మం దాకా పరుగెత్తాయి. సీలు పర్రున చించి మీట నొక్కాడు. తేటగా ఎగజిమ్మాయి నీళ్లు. ఆమె తల వంచి, రెప్పలు తన వేళ్లతో విప్పి పట్టుకున్నాడు.

"కళ్లు తిప్పు తల్లీ. పైకి. కిందికి. ఏం కాదు, నేనున్నాను."

పావుగంట అలాగే పట్టుకున్నాడు. టీ గ్లాసు సంగతీ, జిగురు సంగతీ అన్నీ చెప్పేశాడు, ఇక దాచి ఏం లాభం? రొప్పుతూ వచ్చిన వియ్యంకుడు లోపలి కుళాయి మాట విని ఇంతెత్తున లేచాడు. "ఏం మాటలండీ బావగారూ!" అంటూ వెళ్లి లోపలి మీట తనే నొక్కాడు. గొట్టం గురగురమని ఇటుకరంగు బురద కక్కింది. ఆయన తెల్లచొక్కా అంతా మరకలే. షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

కళ్లకు గండం తప్పిందని డాక్టరు చెప్పాడట. మూడో రోజు పొద్దున మామ కుండీలకు తాడు కట్టుకుని ఇంటికి మోసుకెళ్లడానికి సిద్ధంగా నిలబడ్డాడు. మేడం ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. చేతిలో రెండు కాగితాలు.

"ఇది సీలు తీసినందుకు మీకు మెమో. ఇది గాగుల్స్ తీసినందుకు నాకు. రెండూ బోర్డు మీద పెడుతున్నా."

"మరి ఇంటికి పొమ్మన్నారు కదమ్మా?"

"అవసరం లేకుండా తీస్తే అన్నాను."

తర్వాత బయటి నుంచి కొత్త గులాబీ కుండీ ఒకటి తెచ్చి, లోపలి కళ్ల కుళాయి కింద పెట్టి, సూపర్వైజరును పిలిచింది.

"ఇక్కడ సంతకాలు అక్కర్లేదండీ. రోజూ ఈ కుళాయి నీళ్లే దీనికి పోయండి. ఎండితే నాకు తెలుస్తుంది."

వియ్యంకుడు తల వంచుకుని బకెట్టు అందుకున్నాడు. మామకు కళ్లనీళ్లు ఆగలేదు. కండువాతో తుడుచుకుంటూ, "మొదట్లో నిండా పోయకండి బావగారూ, వేరు కుళ్లుతుంది" అన్నాడు.