పంచదార అడిగితే ఉప్పు

"ఏదైనా పర్వాలేదు" అన్నాడు భర్త, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఆ ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన మాట అదేనని ఆమెకు పదకొండేళ్ల అనుభవం. పొద్దున్నే ఏం తింటారని అడిగితే ఏదైనా పర్వాలేదంటాడు. తీరా పెట్టాక పళ్లెం వంక చూసి "ఇదా?" అంటాడు. అతని మనసులో ఏముందో ఆమే కనిపెట్టాలి, కనిపెట్టలేకపోతే తప్పు ఆమెది. అదే కూర అత్తగారికి ఉప్పు తగ్గించి మెత్తగా, కూతురికి కథ చెబుతూ, భర్తకు వేడివేడిగా మాటల్లేకుండా. ఒకే సరుకు, మూడు పొట్లాలు. కట్టేది రెండు చేతులే. కాపరానికి వచ్చిన మొదటి వారమే అత్తగారు చెప్పేసింది: "అమ్మాయ్, ఈ ఇంట్లో లేదు అన్న మాట వినపడకూడదు. అడిగింది లేకపోతే ఉన్నదేదో నవ్వుతూ పెట్టెయ్." ఆమె నేర్చుకుంది. చేతికి అలవాటైన పని గుమ్మం దగ్గర వదిలేసి పోలేం కదా, ఆఫీసుకూ దాన్ని మోసుకుపోయింది.

ఆఫీసులో ఆమెది చిన్న పనే, కంటికి కనపడని పని. పెద్ద పెద్ద కంప్యూటర్ల లోపల, వాటి మంచిచెడ్డలు చూసుకోవడానికి వేలి గోరంత చిప్ ఒకటి ఉంటుంది. ఎంత వేడెక్కింది, ఫ్యాన్ తిరుగుతోందా, కరెంటు సరిగ్గా అందుతోందా అని అడిగితే జవాబు చెప్పే వెబ్ సర్వర్ ఆ చిప్‌లో ఉంటుంది. దాన్ని రాసింది ఆమె. అడిగేవాళ్లు రెండు రకాలు. మనిషి అడిగితే రంగుల పేజీ కావాలి. మెషిన్లను రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండే కాపలా ప్రోగ్రాం అడిగితే ఉత్త అంకెలు చాలు. ఎవరికి ఏ రూపంలో కావాలో అడిగేటప్పుడే పైన రాసి పంపుతారు. ఆ రూపం తన దగ్గర లేకపోతే లేదని చెప్పడానికి ఒక నంబరుంది, నాలుగు వందల ఆరు. ఆమె దాన్ని వాడలేదు. లేనిది అడిగితే రంగుల పేజీనే పంపి, పైన "సరే" అని ముద్ర కొట్టమని రాసింది. ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటదే రాసింది. టీమ్ లీడరు మురిసిపోయాడు కూడా. "నీ సర్వర్ ఎవర్నీ కాదనదమ్మా, అచ్చం నీలాగే."

ఆమె తండ్రి కిరాణా కొట్టు నడిపినవాడు. ఆయన లెక్క వేరు. "లేదన్నావనుకో, ఇవాళ పక్క కొట్టుకి పోతాడు, రేపు మళ్లీ వస్తాడు. పంచదార అడిగినవాడికి ఉప్పు కట్టిచ్చావనుకో, పాలల్లో కలుపుకున్నాక జన్మలో మన గడప తొక్కడు" అనేవాడు. పుట్టింటి పాఠం మీద అత్తింటి పాఠం పరుచుకున్నాక అడుగున ఏముందో ఆమె ఎప్పుడూ ఎత్తి చూసుకోలేదు.

నెల కిందట ఒక సాయంత్రం, సపోర్ట్ నంబరుకు వచ్చే ఫోన్లు ఎత్తే వంతు ఆమెదైన రోజు, ఆ కంప్యూటర్లు కొన్న ఒక కంపెనీ మెషిన్ రూమ్ నుంచి అక్కడ పనిచేసే ఒకావిడ ఫోన్ చేసింది. "మేడమ్, మూడో వరసలో మెషిన్ మీద చెయ్యి పెడితే కాలుతోందండీ. స్క్రీన్ మీద మాత్రం పచ్చ దీపమే వెలుగుతోంది. మా సార్‌తో చెబితే నీ చెయ్యే వేడి అంటున్నారు." ఆమె ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి కూరగాయలు తరుగుతోంది. లోపలి నుంచి అత్తగారు, "అమ్మాయ్, వేణ్ణీళ్ళు!" అని కేక. "పచ్చగా ఉందంటే బాగున్నట్టేనండీ" అని పెట్టేసింది.

పెట్టేశాక ఒక్క క్షణం కత్తి ఆగింది. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. కిందటేడు నడుం పట్టేసి వంగలేకపోతే భర్త అన్నది అదే: "నవ్వుతూనే ఉన్నావుగా, అంత నొప్పేముంటుంది?" కత్తి మళ్లీ కదిలింది.

నాలుగు రోజులకు ఆ మెషిన్ కాలిపోయింది. ఫ్యాన్ ఎప్పుడో ఆగిపోయింది. అక్కడి కాపలా ప్రోగ్రాం పాతది. పాత రూపంలో అంకెలడిగింది. ఆ రూపాన్ని ఆమె కొత్త వెర్షన్‌లో తీసేసింది. సర్వర్ లేదనలేదు, రంగుల పేజీ పంపి సరే అంది. ప్రోగ్రాం ఆ సరే ఒక్కటీ చూసుకుని పచ్చ దీపం వెలిగించింది. కనిపెట్టుకుని ఉండలేదని మెషిన్ రూమ్ ఆవిడను పనిలోంచి తీసేశారు.

మెషిన్ ఎందుకు కాలిందో తేల్చే విచారణకి లీడరు కాగితం తయారు చేశాడు. "మా సర్వర్ ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చింది" అని ఒక్క వాక్యం. అబద్ధం కాదు. ఆమె సంతకం పెడితే అయిపోతుంది.

"పెట్టెయ్" అన్నాడు భర్త. "ఆవిడెవరు, నీకు అక్కా చెల్లెలా?"

"ఊళ్ళోవాళ్ళ పాపమంతా నీ నెత్తికెందుకు?" అంది అత్తగారు. "పోయేది నీ పేరే."

ఆమె తూకం వేసుకుంది. ఒక పళ్లెంలో తన పేరు, రావలసిన ప్రమోషన్, ఇంట్లో వినబోయే దెప్పులు. రెండో పళ్లెంలో కాలిన చెయ్యి ఒక్కటే. ముల్లు ఎటు మొగ్గుతోందో తెలుస్తూనే ఉన్నా రెండు రోజులు తక్కెడను వేలితో నొక్కి పట్టుకుంది. అన్నం సయించలేదు. ఎవరూ అడగలేదు, పళ్లేలన్నీ వేళకు నిండుతున్నాయి కాబట్టి.

మూడో రోజు విచారణలో లీడరు కాగితం ముందుకు జరిపాడు. ఆమె దాన్ని వెనక్కి తోసింది.

"జవాబిచ్చింది నిజమే సార్. అడిగింది ఇవ్వలేదు. లేదని కూడా చెప్పలేదు. అలా రాసింది నేను. ఆవిడ ముందే ఫోన్ చేసి చెప్పింది, విననిదీ నేనే."

లీడరు గొంతు తగ్గించాడు. "ఇది రాతలో పెడితే నీకే నష్టమమ్మా."

"నష్టం ఎప్పుడో అయింది సార్. ఇన్నాళ్లూ ఆవిడ మోస్తోంది."

రాసిచ్చింది. తన సీటుకు వచ్చి, ప్రోగ్రాంలో "సరే" అనమని రాసిన ఆ వరస కొట్టేసి, లేనిది అడిగితే నాలుగు వందల ఆరు చెప్పమని రాసింది. తర్వాత మెషిన్ రూమ్ ఆవిడకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"మళ్లీ రమ్మంటారేమో, రమ్మంటే వస్తానండీ" అంది ఆవిడ. "కానీ మేడమ్, ఆరోజు 'తెలీదు, చూసి చెబుతాను' అన్నా సరిపోయేదిగా."

"సరిపోయేదండీ."

క్షమించానని ఆవిడ అనలేదు. ఈమె అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. మొహం చూసి, రోజూ అడిగేదే అడిగింది, జవాబు కోసం ఆగకుండా లోపలికి తిరుగుతూ: "బాగానే ఉన్నావుగా?"

"లేదత్తయ్యా" అంది ఆమె.

అత్తగారు ఆగి వెనక్కి తిరిగింది. సోఫాలో ఉన్న భర్త, ఆ రోజు మొదటిసారి, ఫోన్‌లోంచి తల ఎత్తాడు.