అరవై రెండు కిలోల నమ్మకం

కిందటి మార్చిలో కందుల సీజన్ ముగిసిన రోజు నా చేతిలో ఉన్నవి ఇవి: నారాయణఖేడ్ బస్టాండు దగ్గర ఒక దుకాణం, దాని వెనక గోదాము, ఒక కరెంటు కాంటా, ఈ సిద్ధలింగప్ప తూకంలో మోసం ఉండదన్న పేరు, అరవై రెండు కిలోల భార్య.

భార్యను బరువుతో సహా ఎందుకు లెక్కలో వేశానో చెప్పాలి. పదకొండేళ్ల కింద కంగ్టి నుంచి కందులు తెచ్చిన బీరప్ప అనే రైతు కాంటా దగ్గర పేచీ పెట్టాడు. నేను ఇనుప గుండ్లు పెట్టి తూచి చూపించాను. నవ్వాడు.

"కాంటా నీదే, గుండ్లు నీవే సేఠ్. రెండింటికి ఒకటే మాట నేర్పినవేమో."

అప్పుడే చాయ్ తెచ్చిన నా భార్య పార్వతీబాయి కప్పులు బల్ల మీద పెట్టి, చెప్పులు విడిచి కాంటా ఎక్కింది. "నిన్ననే దవాఖానల నన్ను తూచిన్రు బీరప్పా. చీటి ఇంట్ల ఉన్నది. ఎంతొస్తదో నువ్వే సూడు."

అరవై రెండు వచ్చింది. చీటీలోనూ అరవై రెండే. ఇనుమునైతే లోపల తొలిచి తేలిక చేయవచ్చు, మనిషిని ఎవరు తొలుస్తారు అని రైతులు ఒప్పుకున్నారు. అప్పటి నుంచి సీజన్‌లో ప్రతి సోమవారం మొదటి బస్తా కంటే ముందు పార్వతి కాంటా ఎక్కడం మా దుకాణం ఆచారమైంది. నాగల్‌గిద్ద రైతులైతే "అమ్మ ఎక్కిందా?" అని అడిగాకే బండి మీది తాడు విప్పేవారు. పావు కిలో అటూ ఇటూ తప్ప పదకొండేళ్లు ఆ అంకె కదల్లేదు.

మనిషిని తొలిచేవి ఉంటాయని వాళ్లకు తెలియకపోవచ్చు. నాకైనా తెలియాల్సింది.

వానాకాలంలో మొదలైంది. పార్వతికి నలభై ఆరు. జొన్నరొట్టె తడుతుంటే చేతులు వణికి రొట్టె చిరిగిపోయేది. ఫ్యాన్ కింద కూర్చున్నా మెడ తడిసి ఉండేది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె దడదడలాడుతోందని చెప్పేది. నిద్ర పట్టేది కాదు. నెలసరి రెండు నెలలు రాలేదు, మూడో నెల ఒక రోజు కనిపించి పోయింది. ఈ చివరి సంగతి ఒక్కటి అందరికీ దొరికింది. మిగతావన్నీ తీసుకెళ్లి దాని కిందే రాసేశారు.

మా ఇళ్లలో తెలుగులో కన్నడం కలుస్తుంది. పార్వతి నన్ను పెండ్లయిన నాటి నుంచి "రీ" అనే పిలుస్తుంది. "రీ, ఒక్కసారి దవాఖానకు పోదమా?" అని ఆ వానాకాలంలో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేను మా అక్కను పిలిపించాను. పక్క వీధిలోనే ఉంటుంది, పిలవకపోయినా వస్తుంది.

"గిదేం రోగం కాదు తమ్మా. ముట్లు ఆగే ఈడు" అంది అక్క. "నాకు గిట్లనే కాలేదా? ఒళ్లంత పొయ్యి మీద పెట్టినట్టుండె. రాగి జావ తాగు పార్వతీ. సబ్జలు నానబెట్టుకో."

"నీకు ఆ వేడి వచ్చి పోతుండెనా వదినా?"

"వచ్చేది. నాలుగైదు నిమిషాలుండి పోయేది. కొంగుతోని విసురుకుంటే సల్లబడేది."

"నాది పోతలేదు. పొద్దున లేచినకాంచి గట్లనే ఉంటది."

"నీది జర గట్టి ఈడు."

మా అక్క దగ్గర దేనికైనా జవాబు ఉంటుంది. దానికి ప్రశ్నతో సంబంధం ఉండాలన్న నియమం ఏమీ లేదు.

తర్వాత మా వీధిలో సూదులు వేసే ఆర్‌ఎంపీ వైద్యుడు గోవర్ధన్ వచ్చాడు. పార్వతి చెయ్యి పట్టుకుని నాడి చూడలేదు. నా మొహం చూశాడు, గోడ మీద క్యాలెండరు చూశాడు, కాల్షియం గోళీలు రాశాడు, బలం సూది వేశాడు. "ఈ ఈడుల ఆడోళ్లందరికి గింతే సేఠ్. ఊకె పరేషాన్ కావద్దని చెప్పు" అన్నాడు. రోగి ఎదురుగానే కూర్చుని ఉంది. మాట మాత్రం నాతో చెప్పాడు. ఆ మర్యాద నాకు నచ్చింది కూడా.

నేను కందుల బస్తా కొనేటప్పుడు ఇనుప గొట్టం పైన ఒకచోట, నడుమ ఒకచోట, అడుగున ఒకచోట గుచ్చి గింజ తీసి చూస్తాను. పైన మంచి గింజ పోసి కింద పుచ్చులు దాచిన బస్తాలు నేను ఎన్ని చూడలేదు. అలాంటి నేను "ఈడు" అన్న ఒక్క మాటను మూతి కూడా విప్పకుండా కొనేశాను. ఎందుకంటే ఆ మాట కొంటే ఇంకేం చేయనక్కర లేదు. దవాఖానకు పోనక్కర లేదు, వరుసలో నిలబడనక్కర లేదు, ఆడవాళ్ల సంగతులు నోటితో చెప్పనక్కర లేదు. నా లాంటి మగవాళ్లకు ఇంత హాయైన రోగం మరొకటి లేదు. మందు అడగదు, మొగుణ్ణి కదలమనదు.

కంటికి కనబడినవాటికి కూడా నా దగ్గర జవాబులు ఉండేవి. మూడు రొట్టెలు తినే మనిషి ఆరు తినడం మొదలుపెట్టింది. "గోదాము కూడ ఖాళీ చేస్తవా ఏంది?" అని నవ్వాను. ఇంత తినే మనిషికి జబ్బేమిటని లోపల ధీమా. గాజులు మోచేతి దాకా జారుతుంటే దారం చుట్టుకుంది. పాతవి కదా, సాగి ఉంటాయి అన్నాను. ముప్పై ఏళ్లు వ్యాపారం చేసినవాడు గాజు సాగుతుందని చెప్పాడు. పార్వతి నా వైపు చూసి లోపలికి పోయింది.

డిసెంబరులో కందులు రావడం మొదలైంది. మొదటి సోమవారం బీరప్ప బండి ముందుంది. పార్వతి కాంటా ఎక్కింది.

యాభై ఏడు.

దిగి మళ్లీ ఎక్కింది. యాభై ఏడే.

"ఐదు కిలోలు ఏడ పోయినయి సేఠ్?" అన్నాడు బీరప్ప. కోపంగా కాదు. అది ఇంకా అధ్వాన్నం. వెనక ఉన్నవాళ్లు దించిన బస్తాలను మళ్లీ బండ్ల మీదికి ఎత్తసాగారు. కాంటా తక్కువ చూపిస్తే నష్టం రైతుదే కదా, వాళ్ల లెక్క సరైనదే.

"కాంటా ఖరాబైంది. బాగు చేయిస్త" అన్నాను.

"రీ" అంది పార్వతి మెల్లగా.

"నువ్వు లోపటికి నడువు."

జహీరాబాద్ నుంచి కాంటాలు బాగు చేసే నెహెమ్యాను పిలిపించాను. మధ్యాహ్నానికల్లా వచ్చాడు. సర్కారు ముద్ర ఉన్న గుండ్లు పెట్టి, తీసి, మూలమూలకూ జరిపి చూశాడు.

"గ్రాము తేడా లేదు సేఠ్."

"ఉన్నది. ఐదు కిలోలు."

"దేనితోని సూసినవ్?"

"మా ఇంటామెతోని."

నెహెమ్యా గుండ్లు సంచిలో సర్దుకుంటూ అడిగాడు. "ఆమెకు సర్కారు ముద్ర ఉన్నదా?"

హమాలీలు నవ్వారు. నాకు మండింది. "ఎక్కువ మాట్లాడకు. అరవై రెండు వచ్చేటట్టు చెయ్యి" అన్నాను.

"ముద్ర వేసిన కాంటాను ముట్టుకోను. రేపు జైలుకు నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?" మా పెద్ద హమాలీ మొగులప్పను రెక్క పట్టి కాంటా మీద నిలబెట్టాడు. డెబ్బై ఒకటి. "నీ బరువెంత?"

"గింతనే. ఎప్పుడైన గింతనే" అన్నాడు మొగులప్ప.

అయినా నేను ఒప్పుకోలేదు. ఒక మనిషి బుద్ధి కళ్ల ముందున్నదాన్ని ఎంతకాలం గుర్తించకుండా ఉండగలదో చూడాలంటే ఆ వారం నన్ను చూడాల్సింది. పక్క దుకాణం నుంచి మరో కాంటా అడిగి తెచ్చి మా దాని పక్కన పెట్టాను. రెండో సోమవారం రైతులందరి ముందు పార్వతిని మా కాంటా ఎక్కమన్నాను. యాభై ఆరు. పక్కదాని మీదికి అడుగు మార్చింది. యాభై ఆరు.

రెండో కాంటా మీది నుంచి ఆమె దిగలేదు. చేతులు వణుకుతుంటే ఒకదానితో ఒకటి పట్టుకుని నిలబడింది.

"రీ, రెండు కాంటాలు మంచిగనే ఉన్నయి. తక్కువైంది నేను. ఇంకెన్ని తెప్పిస్తరు?"

బీరప్ప భుజం మీది తువ్వాల తీసి దులిపాడు. "ముందుగాల అమ్మను దవాఖానకు తోల్కపో సేఠ్. నా బస్తాలు గీడనే ఉంటయి. కాంటా మీద నాకు అనుమానం లేదు. నీ మీదనే ఉన్నది."

సర్కారు దవాఖానలో డాక్టరు అరుణజ్యోతి. ఏమైందని పార్వతిని అడిగింది. నేను మొదలుపెట్టాను. "ఆమెకు ఈడు మీద పడ్డది మేడం, ముట్లు సరిగ్గ..."

"ముట్లు నీకా, ఆమెకా?" అంది డాక్టరు తల ఎత్తకుండానే. "ఆమెను చెప్పనీయి."

పార్వతి చెప్పింది. వానాకాలం నుంచి దాచుకున్నదంతా ఒక వరుసలో, ఏదీ పెంచకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పింది. నా దుకాణంలో అంత శుభ్రంగా లెక్క చెప్పేవాడు ఒక్కడూ లేడు. డాక్టరు ఆమెను చేతులు ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక కాగితం పెట్టింది. ఆ కాగితం ఫ్యాను గాలికి అల్లాడినట్టు అల్లాడింది. ఫ్యాను ఆపి ఉంది. తర్వాత మణికట్టు పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టింది.

"నూట ఇరవై నాలుగు. పది నిమిషాల సంది కూసున్న మనిషికి. ఇది ఈడు అని ఎవరు చెప్పిన్రు?"

"అందరు చెప్పిన్రు" అన్నాను.

"అందరు ఏ కాలేజీల చదివిన్రు?"

గుండె పరీక్ష అక్కడే చేశారు. రక్తం సంగారెడ్డికి పంపారు. మూడో రోజు కాగితం వచ్చింది. గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోంది. తిన్నదాన్నంతా కాల్చేసి, ఒంటిని కూడా కాలుస్తోంది. ఇంకో ఆరు నెలలు రాగి జావతో గడిపితే గుండె లయ తప్పినా తప్పేదని డాక్టరు చెప్పింది.

"అయితే ఈడు కాదా మేడం?"

"ఈడు కూడ కావచ్చు. రెండు ఒక్కసారే వస్తయి, అదే తంటా. దడ, చెమట, నిద్ర లేకపోవుడు, నెల తప్పుడు ఇందుల ఉంటయి, అందుల ఉంటయి. అందుకే పరీక్ష చెయ్యాలె. ఈడు వేడి వచ్చి పోతది, దినమంత ఉండదు. ఈ ఈడుల బరువు పెరిగేటోళ్లే ఎక్కువ. రెండింతలు తినుకుంట ఆరు కిలోలు తగ్గితే అది ఈడు అని ఊకుంటరా? తూచే పనే నీది. ఇంట్ల మనిషి తగ్గింది కనిపించలేదా?"

కనిపించింది. కాంటాను బాగు చేయమన్నాను. ఈ జవాబు డాక్టరుకు చెప్పలేదు.

మందులు మొదలయ్యాయి. జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే గోళీ ఆపి వెంటనే రమ్మని, నెలనెలా రక్తం చూపించమని డాక్టరు చెప్పింది. పార్వతి ఆ తేదీలు కాంటా పక్క గోడ మీద సుద్దతో రాసుకుంది. సంగతి తెలిసి మా అక్క వచ్చింది. "నాకు ముందే అనుమానమున్నది తమ్మా, గొంతు దగ్గర ఏందో అని" అంది. గోవర్ధన్ కూడా అదే అన్నాడు. ఇప్పుడు మా వీధిలో చెమట పట్టిన ప్రతి ఆడమనిషికీ థైరాయిడే అంటున్నాడు. అదీ రక్తం చూడకుండానే. మాట మార్చాడు, పద్ధతి మార్చలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని ఉండగా పార్వతి మొహం ఎర్రబడి చెమట పట్టింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

"ఏడికి?"

"దవాఖానకు."

"ఆగుండ్రి." గోడ గడియారం వైపు చూస్తూ, ఎడమ చేతి నాడి మీద రెండు వేళ్లు పెట్టుకుంది. డాక్టరు దగ్గర నేర్చుకుంది. నాలుగు నిమిషాలు గడిచాయి. మొహం మామూలైంది. చేతులు చాపి చూసుకుంది, వణకలేదు.

"గిది వదిన చెప్పిన వేడి" అంది. "వచ్చింది, పోయింది. గిది నా ఈడు. ఆనాటిది వేరే."

"రేపు పోయినప్పుడు మేడంకు చెప్పు."

"నేనే చెప్త. మీరైతే చెప్పకుండ్రి."

నిన్న మార్చి చివరి సోమవారం. సీజన్ ముగిసింది. ఇప్పుడు కాంటాను ముద్ర గుండ్లతోనే పరీక్షిస్తున్నాం. బీరప్ప తానే గుండ్లు ఎత్తి పెట్టి చూసుకుంటాడు. అన్ని బస్తాలూ తూచాక పార్వతి చెప్పులు విడిచి కాంటా ఎక్కింది. రైతుల కోసం కాదు, తన కోసం. చేతి గాజులకు దారం లేదు.

ఏడాది లెక్క ఇది. దుకాణం ఉంది, గోదాము ఉంది, కాంటాలో గ్రాము తేడా లేదు. పేరు కొంచెం తరిగింది, బీరప్ప ఇంకా నా మొహం వంక ఒకసారి చూసి గానీ తాడు విప్పడు. భార్య అరవై కిలోల నాలుగు వందల గ్రాములు. ఇంకా రావలసింది కిలో ఆరు వందలు.