పోయినోని సగం ముద్ర

ఓదెలు మొదటిసారి దుబాయి పోయినప్పుడు పట్టి ఎనుకకు పంపిండ్రు. తన పేరు మీద మళ్ల పోరాకపాయె. గప్పుడు ఏజెంటు, మల్యాల ఊరి రాజేందర్ అనేటోని పాస్‌పోర్టు తెచ్చిండు. జెరమొచ్చి సచ్చిపోయిన పిలగానిది. గా కాలంల ఫోటో అంటువెట్టుడే ఉండె. ఒకల మొఖం తీసి ఇంకొకలది పెట్టకుంట, సగం ఫోటో మీద, సగం కాయితం మీద పడేటట్టు ముద్ర కొట్టేది. అయినా ఏజెంటు ఆ పిలగాని మొఖం ఊడదీసి, ఓదెలు మొఖం అంటువెట్టిండు.

కోరుట్లల ఫోటోలు తీసే బషీర్ దాన్ని ఎలుగుకు వట్టి చూసిండు.

"చెవు కాడ గీత కలుస్తలేదు వదినా. పోయినోని సగం ముద్ర ఇంక కాయితం మీదనే ఉన్నది."

"మాకు దయ్యాల కత చెప్తున్నవా బషీరన్నా?" అని ఓదెలు పెండ్లాం అంజవ్వ నవ్వింది.

ఓదెలు పోయిండు. కొన్నొద్దులకు ఫోన్ల అన్నడు: "గీడ అందరికీ నేను రాజేందర్‌నే. కలల ఒక పిలగాడు అస్తడే. నా దిక్కు చూసుకుంట మొఖం తడుముకుంటడు."

"పని ఎక్కువై గట్ల కానస్తది. కడుపు నిండ తిని పండుకో."

ఆ ఎండకాలమే ఓదెలు పనికాడ కూలవడ్డడు. మళ్ల లేవలే. శవం పెట్టె పాస్‌పోర్టుల ఉన్న ఊరికే అచ్చింది, రాజేందర్ తల్లి కొమురమ్మ వాకిట్లకు. ఏజెంటు చెప్తే అంజవ్వ మల్యాలకు ఉరికింది.

"నా కొడుకును ఎన్నడో కాలవెట్టిన. గీయన ఎవలమ్మా?" అన్నది కొమురమ్మ.

"నా ఇంటాయన, అవ్వా."

ఆ ఊర్లనే కాలవెట్టిండ్రు. మూడోనాడు పిట్టకు పెట్టిండ్రు. సచ్చినోడు కాకి రూపంల అచ్చి ముడితేనే వాని పానం కుదుటవడ్డట్టు. ఓదెలు తమ్ముడు రాజన్న విస్తారి పరిచి, "అన్నా, ఓదెలన్నా, రా" అని గొంతు పోయేదాక పిలిచిండు. కాకులు తుమ్మచెట్టు మీదికెంచి కదలలే. కల్లు పోసిండ్రు, యాటకూర పెట్టిండ్రు. ఎండ నెత్తిమీదికచ్చింది.

కొమురమ్మకు పానం ఆగలే. "రాజేందరూ, తిను కొడుకా" అన్నది మెల్లగ.

ఒక్క కాకి దిగింది. మెతుకు మిగలకుంట తిని పోయింది.

"ముట్టింది, ఇగ నడువుండ్రి" అని అందరు లేచిండ్రు. అంజవ్వ లేవలే. ఇంకో విస్తారి పరిచి, ఉన్న బువ్వంత పెట్టింది. పెండ్లైనకాంచి మొగని పేరు నోటెంట తియ్యనామె, "ఓదెలూ" అని పిలిచింది.

పొద్దు గూకెదాక పిలుచుకుంటనే ఉన్నది. ఆ విస్తారికి చీమలే పట్టినయి.