సుంకం కట్టిన బూట్లు

వదినా ఆడపడుచూ కలిసి వ్యాపారం అనగానే చుట్టాలంతా నవ్వారు. "నెల తిరక్కుండా జుట్లు పట్టుకుంటారు చూడండి" అన్నారు. ఏళ్లు గడిచాయి. జుట్లు పదిలంగానే ఉన్నాయి.

వదిన బూట్లు కుడుతుంది. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు, రెండు పాదాలు రెండు కొలతల్లో ఉన్నవాళ్లకు, ఏ దుకాణంలోనూ సరైన జత దొరకనివాళ్లకు. మేడ మీది గదిలో గోడ పొడవునా బూట్ల అచ్చుకు వాడే చెక్క పాదాలు బారులు తీరి ఉంటాయి, ఒక్కో మనిషికి ఒక్కో జత. తయారైన బూట్లకు ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం, కొనేవాళ్లతో మాట్లాడటం ఆడపడుచు పని. కొనేవాళ్లలో ఎక్కువమంది సరిహద్దు అవతలి దేశం వాళ్లే.

ఒకరోజు పొద్దున్నే కొరియర్ అతను మూడు పెట్టెలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. పంపడానికి కాదు, తిరిగొచ్చినవి.

"తీసుకోం అన్నారటమ్మా" అన్నాడు.

ఆడపడుచు వెంటనే కొరియర్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆరా తీస్తే విషయం తెలిసింది. అవతలి దేశంలో ఇన్నాళ్లూ చిన్న పార్శిళ్లకు సుంకం ఉండేది కాదు. ఈమధ్యే ఆ మినహాయింపు తీసేశారు. ఇప్పుడు పెట్టె గుమ్మం ముందుకొచ్చాక సుంకం, దానిమీద కొరియర్ వాళ్ల ఖర్చు అడుగుతున్నారు. కొన్నవాళ్లు కంగారుపడి వెనక్కి పంపేస్తున్నారు.

"అయిపోయింది వదినా, దుకాణం మూసేద్దాం" అంది ఆడపడుచు, తల పట్టుకుని.

"తల తర్వాత పట్టుకుందువుగానీ, ముందు ఫోన్ పట్టుకో. ఆ టీచరుగారికి కలుపు."

తిరిగొచ్చిన మూడింటిలో ఒక జత ఒక బడి టీచరుది. ఎడమకాలు పొట్టి. ఆవిడ ఫోన్ ఎత్తుతూనే విరుచుకుపడింది.

"ముందొక ధర చెప్పి, గుమ్మంలో ఇంకోటి అడిగిస్తారా? మోసం కాదూ ఇది?"

వదిన ఆవిడ కోపం చల్లారేదాకా ఆగింది. తర్వాత కొత్త రూలు విడమరిచి చెప్పింది. "మీకు ముందే చెప్పాల్సింది. మాకూ తెలీదు. తప్పు మాదే."

టీచరు మెత్తబడింది. "పోనీ పెట్టె మీద కానుక అని రాసి పంపండి. ధర తక్కువ వేయండి. అందరూ అదే చేస్తున్నారుగా!"

ఆడపడుచు పక్కనుంచి సరే అనమన్నట్టు తెగ తలాడించింది. వదిన ఆమెవైపు చూడనైనా లేదు.

"అలా రాయనండీ. ఆ జత కోసం నా వేళ్లు కాయలు కాశాయి. దాని విలువ నేనే తగ్గించి రాస్తే ఎలా? పైగా అక్కడ కస్టమ్స్ వాళ్లు విప్పి చూశారంటే మీ బూట్లు గోదాములోనే ఉండిపోతాయి. ఇంకో దారి చూస్తాను, కాస్త ఓపిక పట్టండి."

మర్నాడు ఇద్దరూ కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు దగ్గరికి వెళ్లారు. ఇరుకు గది, మూత లేని టీ ఫ్లాస్కు, నిమిషానికోసారి మోగే ఫోను. అతను వదిన చెప్పిందంతా విని ఓపిగ్గా వివరించాడు.

"సుంకం తప్పదమ్మా. కానీ మిమ్మల్ని ముంచుతున్నది సుంకం కాదు, పెట్టె పెట్టెకూ విడిగా వేసే కొరియర్ ఖర్చు. జతలన్నీ ఒకే పెద్ద పెట్టెలో పంపితే ఆ ఖర్చు ఒక్కసారే పడుతుంది. అయితే అక్కడ సుంకం కట్టి దింపుకుని, పంచేవాళ్లు ఒకరు కావాలి."

"మనకక్కడ ఎవరున్నారు?" అంది ఆడపడుచు, నీరసంగా.

"కాళ్లున్నవాళ్లంతా మనవాళ్లే" అంది వదిన.

టీచరుకు మళ్లీ ఫోన్ చేసింది. ఆవిడ కాలి కొలతలు తీసిన డాక్టరుగారి సంగతి అడిగింది. అతని దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇలాంటి బూట్లు కావాలట; ఎక్కడ దొరుకుతాయో తెలియక ఆగిపోయారట. టీచరే అతన్ని ఒప్పించి ఫోన్లోకి తెచ్చింది. అతను ముక్కుసూటి మనిషి.

"దింపుకుంటాను. కానీ ముందు ఒక జత నా చేత్తో పట్టుకుని చూడాలి."

టీచరు జతనే పంపారు, ఈసారి సుంకం తామే ముందుగా కట్టి. డాక్టరు దాన్ని వంచి, తిప్పి చూసి, మడమ కింద ఎత్తు మరీ బిరుసుగా ఉందన్నాడు. వదినకు చురుక్కుమంది. మర్నాడు మెత్తటి పొర వేసి ఇంకో మడమ కట్టి, వేసుకుని గదిలో అటూ ఇటూ నడిచి చూసుకుంది.

"ఆయనన్నది నిజమే" అంది చివరికి. "ఇన్నాళ్లూ ఫొటో చూసి మెచ్చుకున్నవాళ్లేగానీ, పట్టి చూసి తప్పు చెప్పినవాళ్లు లేరు."

కొత్త ధరలు సుంకంతో కలిపి పైకే రాసి పెట్టారు. కొందరు పాత కొనుగోలుదారులు జారుకున్నారు. ఒకతను తిట్టి మరీ వెళ్లాడు. ఆడపడుచు ముఖం మాడ్చుకున్నా, పోయినవాళ్లకంటే డాక్టరు పంపిన కొత్త కొలతలే ఎక్కువ.

మొదటి పెద్ద పెట్టె ఏ అడ్డూ లేకుండా సరిహద్దు దాటింది. అందులోనే టీచరుకు కొత్త మడమ జత కూడా వెళ్లింది. వారం తిరిగేసరికి ఆవిడ వీడియో పంపింది. బడి వరండాలో ఆ చివరనుంచి ఈ చివరకు, గోడ పట్టుకోకుండా, పిల్లల్ని గదమాయిస్తూ నడుస్తోంది.

ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. "రేపు మళ్లీ రూలు మారిస్తే వదినా?"

"మారిస్తే మళ్లీ కనుక్కుందాం. ముందు ఆ కత్తెర ఇలా ఇవ్వు. డాక్టరుగారు పిల్లల బూట్లు కూడా అడిగారు, ఇవాళే కత్తిరించాలి."