రెండో సీసా

వీణకు ఏడో నెలలోనే కాన్పయింది. కవలలు. ముందు పుట్టిన ఆడపిల్ల కిలో నూట యాభై గ్రాములు, నాలుగు నిమిషాల తర్వాత పుట్టిన మగపిల్లవాడు తొమ్మిది వందలు. ఇద్దరినీ పుట్టిన వెంటనే పసిపిల్లల ఐసీయూకు తీసుకుపోయారు. చప్పరించే శక్తి ఇంకా రాని పిల్లలు కాబట్టి తల్లి పాలను మిషన్‌తో తీసి, సన్నటి గొట్టం ద్వారా కడుపులోకి పంపాలన్నారు డాక్టర్లు.

మొదటిరోజు మిషన్ అరగంట నడిస్తే సీసా అడుగు తడిసింది, అంతే. వీణ ఆ సీసాను వెలుతురుకు పట్టి చూసి ఏడ్చింది. ఆమె భర్త ఎల్లేష్ ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మలకు రంగులు వేస్తాడు. చవితి దగ్గరపడుతున్నా పని మానేసి దవాఖానాలోనే ఉన్నాడు. అత్త సక్కుబాయి పూటపూటకూ వెల్లుల్లిపాయలు వేయించి, వేడి అన్నంలో కలిపి తెచ్చేది. పాలు మాత్రం పెరగలేదు.

నర్సు షారోన్ వచ్చి సీసా మీద చిన్నపిల్లల సాక్సొకటి తొడిగింది.

“ఎంతొచ్చిందని సీసా దిక్కే చూస్తుంటే రాదు వీణా. అందుకే కప్పిన. రెండు మూడు గంటలకొకసారి పెట్టుకో. పాలు ఆగినంక గూడ రెండు నిమిషాలు మిషన్ నడువనియ్యి. ఇంకా గావాలని ఒంటికి గట్లనే తెలుస్తది.”

వెచ్చని గుడ్డతో కాపడం పెట్టడం, మెల్లగా నిమరడం, మిషన్ తీసేశాక మిగిలిన చుక్కల్ని చేత్తో పిండడం షారోనే నేర్పింది. పూటకొకరిని తెచ్చి వీణ ఎద మీద పడుకోబెట్టింది. పిల్లవాడి వీపు ఆమె అరచేతిలో ఇమిడిపోయేది. వాడి ఊపిరి తగులుతున్నప్పుడు వీణకు పాలు వాటంతటవే ఉబికేవి.

ఎనిమిదో రోజుకు రెండు సీసాల్లోనూ ముప్పై ముప్పై ఎమ్మెల్ వచ్చాయి. సీసాల మీద కాగితాలంటించి ‘పాప’, ‘బాబు’ అని తనే రాసుకుంది. బలహీనుడని బాబు సీసానే ముందు నింపేది.

తొమ్మిదో రోజు ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గేదాకా పిల్లల దగ్గరికి రావద్దన్నారు డాక్టర్లు. పాలు పంపొచ్చన్నారు. ఎల్లేష్ సీసాలు పట్టుకుని వార్డుకూ ఐసీయూకూ తిరగసాగాడు.

మర్నాడు పిల్లవాడి పొట్ట ఉబ్బింది. ఆ తర్వాతి ఉదయం వాడు పోయాడు.

వరండాలో గోడకానుకుని నిలబడిన కొడుకు చేయి పట్టుకుంది సక్కుబాయి. “ఇప్పుడు చెప్తే దాని గుండె పలుగుతది. పాలెండిపోతయిరా. ఆ ఆడపిల్లనన్న దక్కించుకోవాలె గదా. జ్వరం తగ్గినంక నేనే చెప్త.”

ఎల్లేష్ తలూపాడు. పిల్లవాణ్ని మూసీ ఒడ్డు శ్మశానానికి తీసుకుపోయి పూడ్చిపెట్టాడు. తిరిగొచ్చేసరికి వీణ రెండు సీసాలూ నింపి అతని కోసం చూస్తోంది.

“బాబు పొద్దుగాల తాగిండా?”

“తాగిండు.”

“ఎంత?”

“పన్నెండు ఎమ్మెల్.”

“మొన్న పదే తాగిండు,” అని వీణ నవ్వింది. ఆ రోజు నుంచి మిషన్ ఇంకో పది నిమిషాలు ఎక్కువ నడిపింది. రెండు రోజుల్లో ఒక్కో సీసాలో అరవై ఎమ్మెల్ దాకా వచ్చాయి.

సెలవు మీద పోయిన షారోన్ మూడో రోజు డ్యూటీకి వచ్చింది. రిజిస్టర్ చూసి నేరుగా వీణ మంచం దగ్గరికొచ్చి కూర్చుంది. వీణ సంతోషంగా సీసాల మీది సాక్సులు తీసి చూపించింది.

“చూడు సిస్టర్, ఎన్నొచ్చినయో.”

షారోన్ ఆమె చేయి పట్టుకుంది. “ఇగ ఒక్క సీసా చాలు వీణా. గింత గోస పడకు.”

“ఒక్కటేంది? ఇద్దరున్నరు గదా.”

షారోన్ గుమ్మం దగ్గరున్న ఎల్లేష్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. వీణ కూడా అటే చూసింది. చాలాసేపు చూసింది.

“ఎప్పుడు?”

“మొన్న పొద్దుగాల,” అన్నాడు ఎల్లేష్.

“మరి పన్నెండు ఎమ్మెల్ ఎవ్వలు తాగిండ్రు?”

ఎల్లేష్ గోడకు జారగిలబడి ముఖం కప్పుకున్నాడు. షారోన్ ఆమె చేయి వదల్లేదు. “నీకు చెప్పిండ్రనుకున్న వీణా.”

“నువ్వన్న చెప్పినవ్,” అంది వీణ.

ఆ రోజు ఎన్నిసార్లు మిషన్ పెట్టినా చెంచాడు పాలు రాలేదు. రొమ్ములు రాళ్లలా గట్టిపడి సలుపుతున్నాయి. “పాలు లోపల్నే ఉన్నయి. దుఃఖం ఇడుస్తలేదు,” అంది షారోన్. జ్వరం తగ్గాక పాపను ఎద మీద పడుకోబెడితే చుక్కచుక్కగా మళ్లీ మొదలయ్యాయి. కానీ ఆ రెండు రోజులూ వచ్చినన్ని ఇంకెప్పుడూ రాలేదు. తక్కువైనవి పాల బ్యాంకు నుంచి, ముఖం తెలియని తల్లులు ఇచ్చినవి తెచ్చి పట్టారు.

పాప నలభై నాలుగో రోజున ఇంటికొచ్చింది. వీణ ఎల్లేష్‌తో పాప పాల గురించి, మందుల గురించి తప్ప మాట్లాడేది కాదు. పది రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం, “నన్ను వాని దగ్గరికి తీస్కపో,” అంది.

బాలింత అక్కడికి పోకూడదని అనబోయి సక్కుబాయి ఆగిపోయింది. పాపను ఒళ్లోకి తీసుకుని, “నీకు చెప్పొద్దన్నది నేనే బిడ్డా. వాన్నేమనకు,” అంది.

శ్మశానం గోడ పక్కన చిన్న చిన్న మట్టి కుప్పలు వానలకు చదునైపోయి ఉన్నాయి. ఎల్లేష్ ఒకచోట ఆగాడు. మళ్లీ రెండడుగులు పక్కకు జరిగాడు.

“ఈడనే,” అన్నాడు. “ఈడనే అనుకుంట.”

“ఏం తొడిగిండ్రు వానికి?”

“తెల్లగుడ్డల చుట్టిచ్చిండ్రు. మీదికెల్లి నా అంగీ కప్పిన.”

“కండ్లు తెరిచిండా?”

“నేను వొయ్యేసరికి మూసే ఉండె.”

వీణ వంగి ఆ మట్టిని తాకింది. “నేను పాలు తీస్తుంటే నువ్వు ఈడ మన్నేసినవ్. వాని సీసలేం జేసినవ్?”

“పారబోయబుద్ధి గాలే. పాపకే తాపిచ్చిన.”

వీణ తడినేల మీద కూలబడి, విషయం తెలిసిన నాటి నుంచి మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఎల్లేష్ దగ్గరికి రాబోయి, ముట్టుకోవడానికి ధైర్యం చాలక అక్కడే నిలబడిపోయాడు.

ఏడుపు నెమ్మదించాక, “పాపకు పాలిచ్చే యాళ్లయింది,” అంటూ లేవబోయింది. అతను చేయి చాపాడు. ఆమె నేల మీద చేయి ఆనించి తనే లేచింది.

ఇద్దరూ ఆటో ఎక్కారు. పురానాపూల్ దాటాక వీణ బయటికి చూస్తూనే అంది, “ఇగ నా కాడ ఏదీ దాయకు.”

“ఇగ ఏదీ దాయ,” అన్నాడు ఎల్లేష్.